సంతకం అక్కర్లేని చోట

సారమ్మ పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగి, ఆగిపోయింది.

"ఓసారి చదివి వినిపించండి అన్నయ్యగారూ. ఏం రాసుందో తెలవకుండా సంతకం ఎలా పెట్టనండి?"

యెహోషువ కళ్లద్దాలు సర్దుకున్నాడు. సిల్వియాకి ఆయన సొంత బాబాయి, సంఘంలో పెద్ద. శుక్రవారం ఆరాధన కాగానే టై కూడా విప్పకుండా కువైట్ సాల్మియాలోని సిల్వియా ఫ్లాటుకి వచ్చేశాడు.

"'కువైట్‌లోని అర్దియాలో ఇంటిపని చేసుకుంటున్న సారమ్మ అను నేను, నా కుమార్తె కేథరిన్ మరణం విషయంలో నా అల్లుడు జేమ్స్‌ను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను. అతనికి ఉరిశిక్ష విధించవద్దని డెన్మార్కు ప్రభుత్వం వారిని వేడుకుంటున్నాను.' అంతే చెల్లెమ్మా. కింద ఇంగ్లీషులో కూడా ఇదే ఉంది."

సారమ్మ సోఫా అంచున కూర్చుని ఉంది. వెనక్కి ఆనుకోలేదు. సిల్వియా ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోలేదు.

"మనస్ఫూర్తిగా అన్న మాట ఎవరు రాసేరండి?"

యెహోషువ కాగితాన్ని ఆమె ముందుకి కాస్త జరిపాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ జేమ్స్ అక్క సిల్వియా తల దించుకుంది. రాసింది తనే. హాస్పిటల్లో టీ తాగే పావుగంటలో, మందుల చీటీ వెనక రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఆ మాట రాసింది. అలా రాస్తే ఉత్తరానికి బలం వస్తుందనుకుంది. ఇప్పుడు సారమ్మ నోట వింటుంటే చెంపలు మండిపోయాయి.

"ఎవరు రాస్తే ఏముంది చెల్లెమ్మా" అన్నాడు యెహోషువ. "కావలసింది నీ సంతకం. గంగాధర సంగతి నీకు తెలుసుగా, ఆ కడప కుర్రాడు. గదిలో ఉండేవాణ్ని చంపేశాడు. ఇక్కడ ఉరి ఖాయమన్నారు. చచ్చిపోయినవాడి తల్లి చేత కాగితం రాయించాం. మనిషి ప్రాణం దక్కింది. జైల్లో ఉన్నాడనుకో, కానీ ఉన్నాడు. నీ కూతురు ఎలాగూ రాదు. ఇంకో ప్రాణం పోగొట్టుకోవడమెందుకు?"

"రాదండి" అంది సారమ్మ. "నాకు తెలుసండి, రాదని."

ఏప్రిల్లో ఆర్హుస్ అనే ఊళ్లో, అద్దెకున్న ఇంటి మూడో అంతస్తు మెట్ల మీంచి కేథరిన్ పడిపోయింది. తనే తోశానని జేమ్స్ పోలీసులకి చెప్పాడు. చంపాలని తోయలేదు, కోపంలో తోశానన్నాడు. శవపెట్టె సొంతూరు రాజోలు వెళ్లింది. సారమ్మ వెళ్లలేకపోయింది. కిందటి సెలవు నుంచి రెండేళ్లు నిండలేదని ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, ఆమె మామా అని పిలిచే మనిషి, సెలవివ్వలేదు. కూతురి సమాధిని ఆమె హుస్సేన్ వలి సెల్లులో చూసింది. ఆ ఇంటి డ్రైవరు అతను. ఇవాళ కూడా అతనే కారులో తెచ్చి దింపాడు. ఐదింటికల్లా తీసుకెళ్లాలి.

"పెడతానండి" అంది సారమ్మ. "ఎవర్నో ఉరి తీయించేనన్న పేరు నాకెందుకండి. చెల్లని చీటీలాగా బతికేస్తాను. ఎక్కడ పెట్టాలో చూపించండి."

యెహోషువ వేలితో చూపించాడు. సారమ్మ పెన్ను ఆనించింది.

"పెట్టకండి."

కిటికీ దగ్గర కుర్చీలోంచి సిల్వియా భర్త సురేష్ బాబు లేచాడు. పొద్దుట్నుంచీ ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"ఏమండీ" అంది సిల్వియా.

"నువ్వాగు. పెట్టకండి సారమ్మగారూ. ఆ దేశంలో ఉరి లేదు."

యెహోషువ ముఖం ఎర్రబడింది. "ఎవరు చెప్పారు?"

"జేమ్స్ లాయరే చెప్పింది. అక్కడి సర్కారే పెట్టిన లాయరు. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను చేశాను. మాట్లాడి ఇంటికొచ్చి సిల్వియాకి చెప్పాను."

సారమ్మ పెన్ను కింద పెట్టింది. నెమ్మదిగా తల తిప్పి సిల్వియా వంక చూసింది.

"మీకు తెలుసా అండి?"

నిన్న సాయంత్రం భర్త చెప్పగానే సిల్వియా ముందు ఏడ్చింది, దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తర్వాత, "అయినా కాగితం ఉంటే మంచిదే కదండీ, రేపు ఆవిడ వస్తోందిగా, పెట్టించేద్దాం" అంది. సురేష్ బాబు ఆమెని వింతగా చూసి, అన్నం తినకుండా లేచిపోయాడు.

"తెలుసు అత్తయ్యగారూ" అంది సిల్వియా.

"ఉరి లేదని తెలిసే, ఉరేస్తారని నా చేత రాయిస్తన్నారా?"

"ఉరి లేకపోతే మాత్రం శిక్ష లేదా?" అన్నాడు యెహోషువ గట్టిగా. "తల్లి క్షమించిందంటే ఏ జడ్జి మనసైనా కరుగుతుంది. మంచికే కదా!"

"మరి శిక్ష ఏంటండి అక్కడ?" సారమ్మ సురేష్ బాబునే అడిగింది. మిగతా ఇద్దరూ ఆ గదిలో లేనట్టే.

సురేష్ బాబు ఆమెకి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. షిప్పింగు ఆఫీసులో గుమాస్తా ఆయన. కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటు.

"మనిషిని చంపితే అక్కడ తక్కువలో తక్కువ ఐదేళ్లు. మరీ ఘోరమైతే జీవితాంతం. మామూలుగా పన్నెండేళ్ల దగ్గర వేస్తారట. ముగ్గురు జడ్జీలు, వాళ్లతో పాటు మనలాంటి మామూలు మనుషులు ఆరుగురు కూర్చుని తేలుస్తారు."

"పన్నెండేళ్లు ఉంచుతారా?"

ఆయన తటపటాయించాడు. "బుద్ధిగా ఉంటే మూడింట రెండొంతులు అయ్యాక వదలొచ్చట. వదిలి, ఇండియా పంపించేస్తారు. మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు."

సారమ్మ పెదవులు కదిలాయి. వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది.

"ఎనిమిదేళ్లు."

"అలా తేలితే."

"నేనీ దేశం వచ్చి పదకొండేళ్లండి" అంది సారమ్మ. "పిల్ల ఆరో క్లాసులో ఉండగా వచ్చేను. దాన్ని బీయెస్సీ చదివించేను. వాడి శిక్ష కంటే నేనే ఎక్కువ చేసేనండి."

ఆమె గొంతులో కోపం లేదు. అది లేనందుకే సిల్వియాకి అక్కడ నిలబడటం కష్టమైంది. ఎనిమిదేళ్లు అన్న మాట తన చెవిలో పడినప్పుడు తనలో ఏం జరిగిందో ఆమెకి తెలుసు. జేమ్స్‌కి ఇప్పుడు ముప్పై ఒకటి. నలభైలోపే బయటికొస్తాడు. మళ్లీ బతకొచ్చు. రాత్రి డ్యూటీ అంతా ఆ లెక్కే వేసుకుంటూ వార్డులో తిరిగింది. ఒకసారి నవ్వింది కూడా. పక్క నర్సు ఏంటని అడిగితే ఏం లేదంది.

"అక్కడ తల్లిని అడగరా అండి?" అంది సారమ్మ.

"అడగరు. అక్కడ కేసు సర్కారుది. మీరు క్షమించినా, క్షమించకపోయినా తీర్పు ఆగదు."

"మరి నన్ను ఎందుకు పిలిపించేరు?"

యెహోషువ లేచి నిలబడ్డాడు. "సురేష్ బాబూ, నువ్వు ఈ ఇంటి అల్లుడివి. ఎవరి పక్షాన మాట్లాడుతున్నావు?"

"పక్షం కాదు మామయ్యగారూ. ఈ సంతకం వల్ల మనకి ఒరిగేదేం లేదు. లాయరు అడిగేది వేరే విషయం."

"ఏంటది?"

"జేమ్స్ కావాలని తోశాడా, కోపంలో తోస్తే ఆ అమ్మాయి పడిపోయిందా అన్నది. చంపాలని లేదని నమ్మితే అది హత్య కింద రాదట. కొట్టడం వల్ల ప్రాణం పోయిన కేసు అవుతుంది. ఎంత వేసినా పదేళ్లు దాటదు. ఐదారేళ్లతో కూడా పోవచ్చట. మొత్తం కేసంతా దాని మీదే నడుస్తుందట."

"మరింకేం!" అన్నాడు యెహోషువ. "కోపంలోనే కదా తోసింది. కుర్రాడు కోపిష్టి. చిన్నప్పట్నుంచీ అంతే."

సురేష్ బాబు ఆయన్ని చూడలేదు. సిల్వియాని చూశాడు.

"పోలీసులు కేథరిన్ ఫోను చూశారట. చనిపోవడానికి పన్నెండు రోజుల ముందు కువైట్ నంబరుకి చేసింది. ఇరవై రెండు నిమిషాలు. ఆ నంబరు నీది."

సిల్వియా గుమ్మం పట్టుకుంది.

"నాకీ ముక్క నిన్న చెప్పలేదే మీరు."

"నువ్వే చెబుతావని చూశాను. రాత్రి దాకా చూశాను. అప్పట్లో అడిగితే చేపల పులుసు ఎలా వండాలో అడిగిందన్నావు."

"ఇరవై రెండు నిమిషాలా!" అంది సారమ్మ. "నాతో ఎప్పుడూ ఐదు నిమిషాలే అండి. పనిలో ఉన్నావు గదమ్మా, మామా తిడద్ది అని పెట్టేసేది."

కింద రోడ్డు మీద ఎవరో బండి వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది.

"లాయరు ఇంకో మాట కూడా చెప్పింది" అన్నాడు సురేష్ బాబు. "తోడబుట్టినవాళ్లు సాక్ష్యం చెప్పక్కర్లేదట. ఆ దేశపు చట్టంలోనే ఉందట. అడిగితే చెప్పనంటే చాలు, ఎవరూ బలవంతం చెయ్యరు."

"విన్నావా!" యెహోషువ సిల్వియా వైపు అడుగు వేశాడు. "చట్టమే చెప్పొద్దంటోంది. ఇక నువ్వు నోరు విప్పక్కర్లేదు. ఆ పిల్ల ఏదో ఆడవాళ్ల మాటలు మాట్లాడి ఉంటుంది. అంతటితో ఖలాస్."

సారమ్మ లేచింది. పొట్టి మనిషి. నడుస్తుంటే మోకాళ్లు పట్టేసి ఒక పక్కకి ఒరుగుతుంది. వచ్చి సిల్వియా ముందు నిలబడింది.

"కోర్టుకి చెప్పక్కర్లేదేమోనండి. నేను కోర్టుని కాదు గదా. నా పిల్ల ఏమందండి?"

సిల్వియా ఆమె కళ్లలోకి చూడలేకపోయింది. ఈ మనిషిని చర్చి మెట్ల దగ్గర మొదట పలకరించింది తనే. పర్సులోంచి తీసి చూపించిన కేథరిన్ ఫోటో చూసి, "మా తమ్ముడికి చేసుకుంటాం, ఇస్తారా?" అని అడిగింది తనే. పనిమనిషి కూతుర్ని నర్సమ్మగారు అడిగిందని సారమ్మ ఆ రోజు తబ్బిబ్బై చేతులు పట్టుకుంది. ఇంజినీరు అల్లుడు, యూరప్ కాపురం. ఆ ఇంజినీరు అక్కడ పగలు హోటల్ గదులు తుడుస్తున్నాడనీ, తెల్లవారుజామున పేపర్లు వేస్తున్నాడనీ, ఆ అవమానం ఇంట్లో భార్య మీద చూపిస్తున్నాడనీ పెళ్లయిన ఆరు నెలలకే సిల్వియాకి తెలుసు. సారమ్మకి చెప్పలేదు.

"సిల్వియా" అన్నాడు యెహోషువ హెచ్చరికగా. "అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. నీ చేతులతో పెంచావు. మర్చిపోకు."

"మర్చిపోలేదు బాబాయ్" అంది సిల్వియా. "అందుకే ఇన్నాళ్లు చెప్పలేదు."

ఆమె గోడకి ఆనుకుంది. మాటలు నేలనే చూస్తూ చెప్పింది.

"ఏడుస్తూ చేసింది అత్తయ్యగారూ. ముందు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 'వదినా, నిన్న నన్ను మెట్ల దగ్గరికి లాక్కెళ్లి నిలబెట్టాడు. ఇక్కణ్ణుంచి తోస్తే కాలు జారి పడిందనుకుంటారు, ఎవరికీ తెలీదు అన్నాడు. నవ్వుతూ అన్నాడు వదినా. నాకు భయంగా ఉంది' అంది."

సురేష్ బాబు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. యెహోషువ ఏదో అనబోయి, కుర్చీ వెనక భాగం పట్టుకుని ఆగిపోయాడు.

సారమ్మ కదల్లేదు.

"మీరేమన్నారు?"

"అత్తయ్యగారూ..."

"అది అంతలా చెప్పింది గదా. మీరేమన్నారు దానితో?"

"కోపంలో అనుంటాడులే అన్నాను. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే వద్దన్నాను. వీసా పోతుంది, ఇద్దరూ రోడ్డున పడతారు అన్నాను." సిల్వియా గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "మీ అమ్మకి చెప్పకు, కంగారు పడుతుంది అన్నాను. సర్దుకో అన్నాను."

"అది ఏమంది?"

"సరే వదినా అంది. నువ్వోసారి ఆయనతో మాట్లాడు అంది."

"మాటాడేరా?"

సిల్వియా అడ్డంగా తలూపింది. నాలుగు రోజుల తర్వాత జేమ్స్‌కి ఫోను చేసింది. వాడు హుషారుగా ఉన్నాడు. మంచు కరిగిపోయిందనీ, సైకిలు కొన్నాననీ చెప్పాడు. సంతోషంగా ఉన్నవాణ్ని కదిలించడం ఎందుకని ఊరుకుంది. ఆ ఊరుకోవడానికి ఆరు నెలలుగా తనకి తానే రకరకాల పేర్లు పెట్టుకుంది. డ్యూటీ అంది, అలసట అంది, తమ్ముడి మీద నమ్మకం అంది. సారమ్మ ముందు ఒక్క పేరూ నోటికి రాలేదు.

"లేదు. మాట్లాడలేదు."

సారమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పమిట చెంగుతో పెదవులు తుడుచుకుని టేబులు దగ్గరికి వెళ్లింది. క్షమాపణ కాగితం నాలుగు మడతలు పెట్టి యెహోషువ చేతిలో ఉంచింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి అన్నయ్యగారూ. వాణ్ని క్షమిస్తానో లేదో నాకు తెలవదు. దేవుడు ఆ శక్తి ఇచ్చిన రోజున ప్రార్థనలో చెప్పుకుంటాను. కాగితం మీద కాదు." తర్వాత సురేష్ బాబు వైపు తిరిగింది. "బాబుగారూ, వాడికి సర్కారే లాయర్ని పెట్టిందన్నారు. చచ్చిపోయినదాని తరఫున ఎవరూ ఉండరా అండి?"

సురేష్ బాబు జేబులోంచి చిన్న చీటీ తీశాడు. "ఉన్నారు. మీ కోసం కూడా ఒక లాయరమ్మని పెట్టారు. మీ నంబరు దొరక్క వెతుకుతోందట. నిన్న నాకు నంబరు ఇచ్చారు. మీకు ఇవ్వాలనే తెచ్చాను."

"ఇప్పుడు పలుకుతుందా అండి?"

"పలుకుతుంది. అక్కడ శుక్రవారం సెలవు కాదు."

"అయితే కలపండి."

"చెల్లెమ్మా!" యెహోషువ అడ్డం వచ్చాడు. "ఆలోచించు. నీకు తెలుగూ అరబ్బీ తప్ప రావు. ఆవిడతో ఏం మాట్లాడతావు? హుస్సేన్ వలి వచ్చేస్తాడు, మీ మామా ఊరుకోదు. వచ్చే వారం తీరిగ్గా..."

"కలపండి బాబుగారూ."

సురేష్ బాబు నంబరు నొక్కి, మోగుతున్న ఫోను ఆమెకి అందించాడు. సారమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. నేరుగా సిల్వియాకి చాచింది.

"నువ్వు మాట్లాడు."

ఇన్నేళ్లలో ఆమె సిల్వియాని నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఆయన మాట్లాడతారు అత్తయ్యగారూ, ఆయనకి ఇంగ్లీషు..."

"ఆయన కాదు. దాని మాట విన్నది నువ్వు. నాకు భాష రాదు. నా పిల్ల తరఫున చెప్పడానికి ఈ దేశంలో నాకు నువ్వే ఉన్నావు. ఏం చేత్తాను, నా ఖర్మ."

"ఆ ఫోను ముట్టుకుంటే నువ్వు మా అన్న కూతురివి కావు" అన్నాడు యెహోషువ.

అప్పటికే అటు నుంచి ఒక ఆడగొంతు రెండుసార్లు పలికింది. సిల్వియా ఫోను తీసుకుంది.

కేథరిన్ తల్లి తరఫున మాట్లాడుతున్నానని ఇంగ్లీషులో చెప్పింది. ఆ అమ్మాయికి మీరేమవుతారని అటు నుంచి అడిగారు.

"సిస్టర్ ఇన్ లా" అంది సిల్వియా.

"అయ్యో. మీకు కలిగిన కష్టానికి చాలా విచారిస్తున్నానండి" అంది లాయరమ్మ మెత్తగా. "ఇంత చిన్న వయసు అమ్మాయి. మీ కుటుంబం ఎంత బాధపడుతోందో ఊహించగలను."

ఆ ఓదార్పు తనది కాదు. పక్కనే నిలబడ్డ మనిషిది. ఒక్క క్షణం దాన్ని అలాగే ఉండనివ్వాలనిపించింది సిల్వియాకి.

"కాదు మేడమ్. నేను జేమ్స్ అక్కని."

ఈసారి అటు నుంచి వచ్చిన గొంతు వేరుగా ఉంది, జాగ్రత్తగా ఉంది. మీరు ఏమీ చెప్పక్కర్లేదని మీకు తెలుసా అని అడిగింది. తెలుసంది. ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడిగింది. లేదంది. అయితే చెప్పమంది.

సిల్వియా చెప్పింది. తేదీ చెప్పింది. మెట్ల మాట చెప్పింది. తను ఇచ్చిన జవాబు కూడా దాచకుండా చెప్పింది. ఇంగ్లీషులో ఆ మాటలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడైంది. యెహోషువ వెళ్లిపోయాడు. సురేష్ బాబు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

అంతా విన్నాక లాయరమ్మ మాట్లాడింది. నెమ్మదిగా, ఒక్కో మాటా అర్థమయ్యేలా.

"ఇది నేను ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరుకి తెలియజేయాలి. కానీ ఫోనులో చెప్పింది సరిపోదు. వచ్చే నెల ఆరుగురు పౌరులు, ముగ్గురు జడ్జీల ముందు మీరు స్వయంగా చెప్పాలి. మీ తమ్ముడు అదే గదిలో ఉంటాడు. మీకు ఎదురుగా. మీరు వస్తారా?"

సిల్వియా ఫోను చెవికి ఆనించుకునే ఉండిపోయింది. సారమ్మ ఆమె ముఖంలోకే చూస్తోంది. భాష అర్థం కాకపోయినా, అడగకూడనిదేదో అడిగారని ఆమెకి తెలిసిపోయింది.

"ఏమంటంది?" అంది సారమ్మ.

సిల్వియా ఫోను మీద అరచెయ్యి మూసింది.

"చెప్పు. ఏమంటంది ఆవిడ?"